వసీలి కాండిన్‌స్కీ

వసీలి కాండిన్‌స్కీ (1866–1944) రష్యన్ చిత్రకారుడు, కళా సిద్ధాంతకర్త, అధ్యాపకుడు. నైరూప్య చిత్రకళకు బాట వేసిన తొలితరంలో ప్రముఖుడు. చెట్టూ పుట్టా, మనిషీ ఇల్లూ ఏవీ పోల్చుకోలేకపోయినా, రంగులూ గీతలే సంగీతంలా మనసును కదిలించగలవని ఆయన గట్టిగా నమ్మాడు. అయితే ఆ నమ్మకం కేన్వాసు మీదికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1866 డిసెంబరు 16న మాస్కోలో ఒక తేయాకు వ్యాపారి ఇంట పుట్టాడు. బాల్యం నల్లసముద్ర తీరాన ఒడెస్సాలో గడిచింది. మాస్కో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం చదివాడు. 1889లో రైతుల కట్టుబాట్లను అధ్యయనం చేయడానికి ఉత్తరాన వొలొగ్దా ప్రాంతానికి వెళ్లాడు. అక్కడి చెక్క ఇళ్లలో ఎటు చూసినా కొట్టొచ్చే రంగుల అలంకరణే. గడప దాటగానే బొమ్మ లోపలికే అడుగుపెట్టినట్టు అనిపించిందని తర్వాత జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

1896లో మాస్కోలో ఫ్రెంచి చిత్రాల ప్రదర్శన జరిగింది. అందులో క్లాడ్ మొనే గీసిన గడ్డివామును కాండిన్‌స్కీ పోల్చుకోలేకపోయాడు. జాబితా చూస్తేగాని అదేమిటో తెలియలేదు, కానీ ఆ రంగులు మనసులో నాటుకుపోయాయి. బొల్షోయ్ థియేటరులో వాగ్నర్ సంగీత నాటకం ‘లోహెన్‌గ్రిన్’ వింటున్నప్పుడు రంగులూ గీతలూ కళ్లకు కట్టాయి. ఆ ఏడే తార్తు విశ్వవిద్యాలయంలో వచ్చిన అధ్యాపక పదవిని కాదనుకుని, ముప్ఫయ్యో ఏట బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ చేరాడు.

1908 నుంచి సహచరి, చిత్రకారిణి గాబ్రియేలె ముంటర్‌తో కలిసి ఆల్ప్స్ పాదాల దగ్గరి ముర్నౌ గ్రామంలో గీసిన చిత్రాల్లో మార్పు కనిపిస్తుంది. కొండలూ చర్చి గోపురాలూ పెద్దపెద్ద రంగు మడులుగా మారాయి. గుర్రపు రౌతు క్రమంగా ఒక వంపు గీతగా మిగిలాడు. 1911 జనవరిలో మ్యూనిక్‌లో స్వరకర్త షూన్‌బెర్గ్ కచేరీ విన్నాక గీసిన ‘ఇంప్రెషన్ 3’లో నల్లటి పియానో చుట్టూ పసుపురంగు వెల్లువెత్తుతుంది. ఆ ఏడాది చివర్లోనే చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్‌తో కలిసి ‘బ్లూ రైడర్’ బృందం తొలి ప్రదర్శన పెట్టాడు. కళలో ఆధ్యాత్మికత గురించిన ఆయన గ్రంథం కూడా అప్పుడే వెలువడింది.

బయటి ప్రపంచం ప్రేరేపించిన చిత్రాలను ‘ఇంప్రెషన్లు’ అన్నాడు. లోపలినుంచి అప్పటికప్పుడు పొంగుకొచ్చినవి ‘ఇంప్రొవైజేషన్లు’. ఎంతోకాలం ఆలోచించి కట్టినవి ‘కంపొజిషన్లు’. జీవితం మొత్తంలో అవి పదే. వాటిలో ‘కంపొజిషన్ 7’ వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. దానికోసం 30కి పైగా చిత్తు చిత్రాలు వేసుకుని, 1913 నవంబరు చివర్లో నాలుగు రోజుల్లో పూర్తిచేశాడు. అది ఎలా రూపుకట్టిందో ముంటర్ ఫొటోలు తీసింది. ఆ చిత్రం ఇప్పుడు మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది.

తొలి నైరూప్య చిత్రం ఆయనదేనని చాలాకాలం చెప్పుకున్నారు. 1910 అని తేదీ వేసిన ఒక నీటిరంగుల చిత్రాన్ని అందుకు సాక్ష్యంగా చూపేవారు. అది 1913 నాటిదై ఉండొచ్చని పలువురు పరిశోధకుల అభిప్రాయం. స్వీడన్ చిత్రకారిణి హిల్మా అఫ్ క్లింట్ 1906 నుంచే నైరూప్య చిత్రాలు గీసింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో జర్మనీ విడిచి మాస్కో వచ్చాడు. రష్యా విప్లవం తర్వాత అక్కడి మ్యూజియాల నిర్మాణంలో, కళావిద్యలో పనిచేశాడు. 1921 చివర మళ్లీ జర్మనీ వెళ్లి, మరుసటి ఏడు వైమార్‌లోని బౌహౌస్ కళాశాలలో చేరాడు. పసుపు, ఎరుపు, నీలం రంగుల్లో త్రిభుజానికి ఏది, చతురస్రానికి ఏది, వృత్తానికి ఏది నప్పుతుందో చెప్పమని అక్కడివాళ్లకు ప్రశ్నపత్రం పంచాడు. ఆయన జవాబు మాత్రం పసుపు త్రిభుజం, ఎర్ర చతురస్రం, నీలి వృత్తం. 1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన బౌహౌస్ ప్రదర్శనలో ఆయన చిత్రాలు భారతీయ ప్రేక్షకుల ముందుకొచ్చాయి.

1933లో నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడింది. కాండిన్‌స్కీ పారిస్ శివార్లలోని న్యూయీలో స్థిరపడ్డాడు. 1937లో జర్మన్ మ్యూజియాల్లోని ఆయన చిత్రాలను నాజీలు స్వాధీనం చేసుకుని, కొన్నింటిని ‘దిగజారిన కళ’ అంటూ ఊరేగించినట్టు ప్రదర్శించారు. సూక్ష్మజీవుల్లాంటి ఆకారాలతో చివరిదాకా గీస్తూనే ఉండి, 1944 డిసెంబరు 13న కన్నుమూశాడు. తొలినాళ్ల చిత్రాలెన్నో దక్కాయంటే అది ముంటర్ చలవే. నాజీల కాలమంతా వాటిని ముర్నౌ ఇంటి నేలమాళిగలో దాచిన ఆమె, 1957లో మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియానికి కానుకగా ఇచ్చింది.