కొడుకు చేతిలో బండి.. తండ్రి పేరిట చలానా
వేగ కెమెరాల జరిమానాలపై వాహనదారులు తెలుసుకోవాల్సిన అంశాలు

నల్గొండ: కొత్తగా లైసెన్సు పొందిన యువకుడు హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై హద్దు మీరి దూసుకుపోయినా ఆపే కానిస్టేబుల్ కనిపించకపోవచ్చు. కెమెరా మాత్రం ఆ వేగాన్ని నమోదు చేస్తుంది. చలానా బండి యజమాని పేరిట జారీ అవుతుంది. ఆర్సీలో పాత సెల్ నంబరు ఉంటే సమాచారం కూడా అందదు. పోలీసులు తనిఖీలో బండి ఆపినప్పుడు గాని బకాయి ఎంత పేరుకుపోయిందో ఇంట్లో తెలియని పరిస్థితి ఏర్పడుతోంది.

వేగం ఎలా తెలుస్తుంది?
లేజర్ స్పీడ్‌గన్ వాహనంపైకి కాంతి తరంగాలను పంపి, అవి తిరిగి వచ్చే సమయంలోని తేడాను బట్టి వేగాన్ని లెక్కిస్తుంది. రాడార్ పరికరం రేడియో తరంగాల పౌనఃపున్యంలో వచ్చే మార్పును కొలుస్తుంది. కొన్ని మార్గాల్లో రెండు చోట్ల కెమెరాలు అమర్చి సగటు వేగం తీస్తారు. ఇటువంటి చోట పది కిలోమీటర్ల దూరాన్ని అయిదు నిమిషాల్లో దాటితే సగటు వేగం గంటకు 120 కిలోమీటర్లని తేలిపోతుంది. కెమెరా దగ్గర మాత్రమే బ్రేకు వేస్తే ప్రయోజనం ఉండదు.

సాక్షి కంటి అంచనా ఒక్కదానితోనే అతివేగం నేరాన్ని నిర్ధారించరాదని మోటారు వాహనాల చట్టం-1988లోని 183వ సెక్షన్ చెబుతోంది. అందుకే ఈ కేసుల్లో పరికరం కొలత కీలకం.

బోర్డుపై అంకె ఎందుకు?
చట్టంలోని 112వ సెక్షన్ కింద ప్రభుత్వం ఆయా ప్రాంతాలకు వేగ పరిమితిని తగ్గించి బోర్డులు ఏర్పాటు చేయవచ్చు. చిట్యాల, నకిరేకల్, కోదాడ వంటి ఊళ్లను ఆనుకొని సాగే ఈ రహదారిపై పాదచారులు, పశువులు అడ్డు వచ్చే అవకాశం ఎక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 17 మీటర్లు, వంద కిలోమీటర్ల వేగంలో 28 మీటర్లు ముందుకు పోతుంది. చోదకుడి కాలు బ్రేకు మీదికి చేరేలోపే ఈ దూరం గడిచిపోతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు వేసిన తర్వాత బండి ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగింతలవుతుంది.

జరిమానా ఎంత?
2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ప్రకారం అతివేగానికి తేలికపాటి మోటారు వాహనాలకు రూ.1,000 నుంచి రూ.2,000, మధ్య, భారీ వాహనాలకు రూ.2,000 నుంచి రూ.4,000 వరకు జరిమానా నిర్దేశించారు. రాజీ రుసుమును రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. మైనరు నేరానికి పాల్పడితే 199ఏ సెక్షన్ కింద సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడే అవకాశం ఉంది. వాహనం రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. మైనరుకు 25 ఏళ్లు నిండే వరకు లైసెన్సు ఇవ్వరు.

బండి అమ్మేశారా?
పేరు మారనంతకాలం నోటీసు పాత యజమానికే వెళ్తుంది. అమ్మిన వారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని 50వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఇందుకు 29, 30 నంబర్ల ఫారాలు దాఖలు చేయాలి. నేరం జరిగినప్పుడు బండి ఎవరు నడిపారని పోలీసు అధికారి అడిగితే యజమాని ఆ వివరాలు ఇవ్వాల్సిందే.

తప్పుడు చలానా వస్తే..
నంబరు ప్లేటును కెమెరా తప్పుగా చదవడం, మరొకరు నకిలీ నంబరు తగిలించుకోవడం వల్ల నిర్దోషులకూ నోటీసులు రావచ్చు. 2021 ఆగస్టులో కేంద్రం నోటిఫై చేసిన 167ఏ నిబంధన ప్రకారం కెమెరా ఉన్న మార్గానికి ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. పరికరానికి ధ్రువీకరణ ఉండాలి. నోటీసులో ఫొటో, కొలిచిన వేగం, తేదీ, సమయం, ప్రదేశం చూపాలి. ఫొటోలోని వాహనం రంగు, మోడల్ తమ బండితో సరిపోకపోతే వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. అంగీకరించని వారు న్యాయస్థానంలో వాదించుకోవచ్చు.

చలానాల పేరిట వాట్సప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, లింకులను తెరవరాదు. బకాయిలను అధికారిక ఈ-చలానా వెబ్‌సైట్‌లో బండి నంబరుతో చూసుకోవాలి. మోసపోయిన వారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.