పాలగాజు తేటపడ్డ కథ

పకోడీలు తిన్నాక ఆ పొట్లం కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. నూనె అంటినచోట కాగితం పలచబడినట్టు అవతలి వెలుగు కనిపిస్తుంది. కాగితపు నారల మధ్య ఉన్న గాలిని నూనె తరిమేసింది. నారలోనూ నూనెలోనూ కాంతి ఇంచుమించు ఒకేలా వంగుతుంది కనుక అంతగా చెదరదు. స్విచ్ వేయగానే పాలతెలుపు పోయి తేటపడే గాజు రహస్యం కూడా ఇదే.

ఆ గాజులో పనిచేసేది ద్రవస్ఫటికం, అంటే ద్రవంలా పారుతూనే అణువులు ఒక దిక్కుకు వరసకట్టే పదార్థం. 1888లో ప్రాగ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జర్ దీన్ని మొదట గమనించాడు. ఆయన వేడిచేసిన కొలెస్టరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల దగ్గర మబ్బుగా కరిగి, 178.5 దగ్గర తేటపడింది. ఆ అణువులను మనం కోరిన దిక్కుకు తిప్పడానికి గాజు మీది పూతను గుడ్డతో ఒకేవైపు రుద్దేవారు. చేతి గడియారంలో అంకెలు చూపడానికి అది చాలు. కానీ ఆ పద్ధతికి పోలరైజర్లు, అంటే ఒకే దిక్కున కంపించే కాంతిని మాత్రమే వదిలే పొరలు కావాలి, అవి సగానికి పైగా వెలుతురును మింగేస్తాయి. కిటికీకి అదెలా పనికొస్తుంది?

అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్ వేరే దారి పట్టాడు. ద్రవస్ఫటికాన్ని సన్నని బొట్లుగా పాలిమర్‌లో పొదిగాడు. 1984లో పేటెంటు వచ్చింది. ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియం డోన్ బృందం ద్రవస్ఫటికాన్ని ఎపాక్సీలో కలిపింది. ఎపాక్సీ గట్టిపడుతుంటే బొట్లు వాటంతటవే విడివడ్డాయి. 1986లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇక రుద్దే పనే లేదు, పోలరైజర్లూ అక్కర్లేదు. నా దృష్టిలో ఈ కథలోని గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

బొట్టు ఇంచుమించు ఒక మైక్రాన్. ఒక్కో బొట్టులో అణువులు వరసగానే ఉంటాయి, కానీ ఏ బొట్టు దిక్కు దానిదే. అందుకే కాంతి ప్రతి బొట్టు అంచునా చెదిరి, బొట్లు పొదిగిన ఆ పాలిమర్ ఫిల్మ్ పాలలా తెల్లగా కనిపిస్తుంది. కరెంటు ఇస్తే అణువులన్నీ ఫిల్మ్‌కు నిలువుగా లేచి నిలబడతాయి. అప్పుడు నేరుగా వచ్చే కాంతికి బొట్టులోనూ పాలిమర్‌లోనూ వక్రీభవన గుణకం ఒకటే, దాదాపు 1.5. అలా సరిపోయేలా ఏరి కలిపిన పాలిమర్ అది. బొట్ల అంచులు మాయమవుతాయి. ఏటవాలుగా చూస్తే మాత్రం సన్నని మబ్బు మిగిలే ఉంటుంది.

కరెంటు తీసేస్తే బొట్టు గోడలే అణువులను పాత దిక్కుకు లాగేస్తాయి. కనుక తేటగా ఉంచడానికే కరెంటు కావాలి, తెల్లగా ఉండటానికి అక్కర్లేదు. కొనేవారికి ఒక్క మాట: తెల్లబడినప్పుడు ఈ గాజు చూపునే ఆపుతుంది, చెదిరిన వెలుతురు చాలావరకు లోపలికే వస్తుంది. ఎండకు తెర వేరుగా వేసుకోవాల్సిందే.