అవ్వకు పళ్ళు కట్టాలంటే ముందు కొయ్యాలా?

రేణిగుంట నుంచి మళ్ళీ నేనే. ఈరోజు ఎపిసోడ్‌కి కారణం మా అవ్వ.

ఆరేళ్ళ కిందట అవ్వకు మిగిలిన పళ్ళన్నీ పీకించి సెట్టు కట్టించినాం. పైది బాగానే నిలబడింది. కిందది మాత్రం రానురాను వదులైపోయింది. మాట్లాడితే లేస్తుంది, తింటే చిగురు ఒరుసుకుంటుంది. ఇప్పుడది స్టీలు డబ్బాలో ఉంది. అవ్వ సంగటి మెత్తగా పిసుక్కుని మింగుతోంది. నిప్పట్లు ఇస్తే రోట్లో దంచుకుంటుంది.

పోయిన నెల కొత్త సెట్టు కోసం తీసుకెళ్తే, డాక్టరమ్మ వేలితో చిగురంతా తడిమి చూసింది. "కొలత ఇప్పుడే తీసుకోను, ముందు చిన్న ఆపరేషన్ కావాలి" అనింది. ఒకచోట ఎముక అంచు పదునుగా ఉందంట. వదులు సెట్టు రాపిడికి చిగురు పక్కన మడతలాగా కండ కూడా పెరిగింది. ఆ రెండూ తీసి, పుండు మానినాకే కొలత.

అవ్వ కుర్చీలోంచి లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి నన్ను ఒకటే అడిగింది: "మా అత్తకు కొయ్యకుండానే కట్టినారు కదరా. నాకెందుకు కోస్తారంట?"

నిజమే కదా? నాకూ జవాబు తెలీదు. అందుకే చరిత్ర తిరగేసినాను. తేలింది ఏందంటే, పాత కాలంలో కొయ్యకపోవడానికి కారణం అవసరం లేక కాదు. నొప్పి తట్టుకోలేక.

జార్జ్ వాషింగ్టన్ తెలుసు కదా, అమెరికా మొదటి ప్రెసిడెంట్. 1789లో ప్రమాణం చేసేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే. ఆయనవి చెక్క పళ్ళు అని చెప్పుకుంటారు, అది తప్పు. నీటిగుర్రం దంతం, మనుషుల పళ్ళు, సీసం, లోహపు స్ప్రింగులు. పైసెట్టునీ కిందిసెట్టునీ ఆ స్ప్రింగులే చెరో వైపు తోసి పట్టుకునేవి. దేశం మొత్తం ఆయన మాట వినింది కానీ, ఆ సెట్టు మాత్రం ఆయన మాట వినలేదు. ఎందుకంటే అప్పట్లో అందరూ సెట్టునే బాగు చేయాలని చూశారు. అది కూర్చునే చోటు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ సంగతి పట్టించుకున్న వాళ్ళలో ఒకాయన బోస్టన్ డెంటిస్ట్, విలియం మోర్టన్. విరిగిన పళ్ళ మొదళ్ళు చిగుళ్ళలో అట్లే ఉంచి పైన సెట్టు పెట్టేయడం అప్పటి అలవాటు. వాపు, చీము, వాసన. మొదళ్ళన్నీ తీసేస్తేనే సెట్టు సరిగ్గా కూర్చుంటుందని మోర్టన్‌కి తెలుసు. కానీ మత్తు లేకుండా పది, పదిహేను మొదళ్ళు పెకలిస్తామంటే ఎవరు కూర్చుంటారు? పేషెంట్లు పారిపోయారు. అందుకే ఆయన మత్తు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ఆయన పాత పార్ట్‌నర్ హొరేస్ వెల్స్ అప్పటికే 1844 డిసెంబర్‌లో లాఫింగ్ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు, నొప్పి తెలీలేదు. మరుసటి నెల బోస్టన్‌లో అందరి ముందు చేసి చూపిస్తే పేషెంట్ అరిచేశాడు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలుసు, డెమో రోజే క్రాష్ అవుతుంది. మోర్టన్ మాత్రం ఈథర్ పట్టుకున్నాడు. 1846 సెప్టెంబర్ 30న నొప్పి లేకుండా పన్ను పీకాడు. అక్టోబర్ 16న మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో సర్జన్ల ముందు మత్తు ఇచ్చి చూపించాడు. ప్రపంచంలో ఆపరేషన్ అనే మాటకే అర్థం మారిన రోజు అది. దాని వెనకున్న అవసరాల్లో ఒకటి, కట్టుడు పళ్ళకు నోరు సిద్ధం చేయడం!

మత్తు వచ్చాక కొత్త భయం మొదలైంది: పడుకున్నోళ్ళు లేస్తారా? 1847లో వచ్చిన క్లోరోఫామ్‌తో కొందరు చనిపోయారు కూడా. ఈ ప్రశ్న మీద పెద్ద పరిశోధన జరిగింది మన హైదరాబాద్‌లోనే. 1888లో, 1889లో సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరో నిజాం డబ్బుతో క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ప్రమాదం ముందు ఊపిరికే కానీ గుండెకు కాదని తేల్చాయి. తర్వాత అది తప్పని రుజువైంది, క్లోరోఫామ్ నేరుగా గుండెనే ఆపగలదు. లారీ పనిచేసింది అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో. ఇప్పటి గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉన్నది కూడా ఆ అఫ్జల్‌గంజ్‌లోనే.

అవ్వ లాంటి వాళ్ళకి అసలు మేలు చేసింది, మనిషిని పడుకోబెట్టకుండా ఆ చోటు మాత్రమే మొద్దుబార్చే మందు. 1884లో కొకైన్, 1905లో ప్రొకెయిన్, 1943లో స్వీడన్‌లో లిగ్నోకెయిన్. ఈరోజు డెంటల్ క్లినిక్‌లో వేసే ఇంజక్షన్ చాలావరకు ఈ లిగ్నోకెయినే.

నొప్పి భయం తగ్గింది, ఇంకోపక్క రబ్బరుతో చేసే వల్కనైట్ వచ్చి సెట్లు చవకయ్యాయి. పళ్ళన్నీ పీకించుకునే వాళ్ళు పెరిగారు. అప్పుడు ఎముక సంగతి బయటపడింది. పన్ను ఉన్నచోట ఎముక పొలం గట్టులాగా ఉంటుంది. సెట్టు కూర్చునేది ఆ గట్టు మీదే. పళ్ళు పోతే గట్టు ఎగుడుదిగుడుగా మిగులుతుంది. 1853లోనే విలార్డ్ అనే డెంటిస్ట్, సెట్టుకు ముందు ఆ ఎముకను సరిచేయాలని రాశాడు. తర్వాత వచ్చిన వాళ్ళు కొందరు మరీ ఎక్కువ చెక్కేశారు. చెక్కిన ఎముక తిరిగి రాదు కదా.

1924లో వరాజ్తాద్ కజాంజియన్ ఇంకో దారి చూపించాడు. టర్కీ నుంచి వలస వెళ్ళిన ఆర్మేనియన్, వైర్ ఫ్యాక్టరీలో పనిచేసి హార్వర్డ్‌లో డెంటిస్ట్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పగిలిన ముఖాలను కూర్చినవాడు. ఆయన గట్టు జోలికి పోలేదు, పక్కన పెదవి లోపలి పల్లాన్ని లోతు చేశాడు. పల్లం లోతైతే గట్టు ఎత్తుగా తేలుతుంది, సెట్టుకు పట్టు దొరుకుతుంది. 1936లో డీన్ అనే ఆయన పళ్ళ గుంతల మధ్య ఎముక మాత్రం తీసి, బయటి గోడను కాపాడే పద్ధతి చెప్పాడు. అంటే వందేళ్ళలో వాళ్ళు నేర్చుకున్నది: ఎంత తక్కువ తీస్తే అంత మంచిది.

మరి అవ్వ కింది సెట్టే ఎందుకు వదులైంది? 1972లో టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు, సెట్టు పెట్టుకున్న వాళ్ళను 25 ఏళ్ళ దాకా గమనించిన లెక్కలు రాసింది. పళ్ళు పోయాక ఎముక కరుగుతూనే ఉంటుంది, కింది దవడలో పైదానికంటే దాదాపు నాలుగు రెట్లు. అంటే సెట్టు మారలేదు, దాని కింద నేల మారింది. వదులైన సెట్టును అట్లే వాడితే రాపిడికి కండ పెరుగుతుంది. దాని మీదే కొత్త కొలత తీస్తే, కొత్త సెట్టు కూడా డబ్బాలోకే.

ఇదంతా అవ్వకు చెప్పినాను. "మీ అత్తకు కొయ్యలేదు సరే, ఆ పళ్ళతో ఆమె తినేదా?" అని అడిగినాను. కాసేపు ఆలోచించి, "పెండ్లిళ్ళకు పెట్టుకునేది. తినేటప్పుడు తీసి కొంగులో కట్టుకునేది" అనింది.

ఆపరేషన్ అందరికీ అవసరం లేదు, ఇది గుర్తుపెట్టుకోండి. గట్టు నున్నగా ఉంటే నేరుగా కొలతే. అందుకే కొలతకు ముందు డాక్టర్‌ని ఒక్క మాట అడగండి: "నోరు సిద్ధంగా ఉందా?" షుగర్, రక్తం పలచబడే మాత్రలు, ఎముకల బలానికి వాడే మందులు, ఏవున్నా దాచకుండా చెప్పండి. మా రేణిగుంట రోడ్డులోనే చదలవాడ నగర్‌లో సి.కె.ఎస్. తేజ డెంటల్ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీల్లో సర్జరీ వాళ్ళూ, సెట్టు కట్టేవాళ్ళూ ఒకేచోట దొరుకుతారు.

అవ్వ ఇంకా సరే అనలేదు. నిన్న రాత్రి మాత్రం, "సూది వేస్తే నిజంగా తెలీదా?" అని అడిగింది. అడిగిందంటే సగం ఒప్పుకున్నట్టే.

మీ ఇంట్లో డబ్బాలో పడున్న సెట్టు ఉంటే, ఈ వీడియో వాళ్ళ పక్కన కూర్చుని చూపించండి. మళ్ళీ కలుద్దాం.