మద్రాసు గాలివాన, బనగానపల్లె గింజ

నాపరాళ్ల నేల మీదున్న బనగానపల్లెలో తుఫాను అంటే భయం తక్కువ. కోస్తా రైతు కల్లం తడుస్తుందని తిట్టుకునే వాయుగుండం కోసమే సీమ రైతు ఆకాశం వంక చూస్తాడు. అందుకే రేవు తుఫానుల చరిత్రలో ఈ ఊరి ఊసు రాదు. రావాలంటాను. రేవులో గాలివాన చేసే నష్టాన్ని మునిగిన ఓడల లెక్కతో కొలిస్తే సగమే తెలుస్తుంది. మిగతా సగం బండిబాట చివర ఉంటుంది.

1876-78 నాటి ధాత కరువులో జొన్న, కొర్ర తినే ఈ నేలకు బెంగాలు, బర్మా బియ్యం మద్రాసు మీదుగా రావలసి వచ్చింది. మద్రాసుకేమో అప్పటికి ఓడలు తలదాచుకునే రేవే లేదు. అవి తీరానికి దూరంగా లంగరేస్తే, బస్తాలను మసూలా పడవల్లోకి దించి అలల మీదుగా ఇసుకకు చేర్చేవాళ్లు. ఆ పడవల పలకలకు మేకులుండవు, కొబ్బరి తాళ్లతో కుట్టినవి. అల కొడితే విరగకుండా వంగుతాయి. గాలి ముదిరితే ఆ కుట్టూ ఆగదు. ఒడ్డున హెచ్చరిక జెండా లేచేది, ఓడలు లంగరు వదిలేసి నడిసముద్రానికి పరుగెత్తేవి. కరువు నడుమ, 1877 మేలో, అలాంటి తుఫానే మద్రాసును తాకింది. వాతావరణ శాస్త్రవేత్త జాన్ ఇలియట్ దానిపై ప్రత్యేక నివేదికే రాశాడు.

తుఫాను వాన కూడా తెస్తుంది కదా అనవచ్చు. నిజమే, కానీ నేడు పడిన వాన గింజయ్యేది నెలల తర్వాత. దించుడు ఆగిన బియ్యం ధర రేపే ఎక్కుతుంది. అసలు మద్రాసు ఇసుక మీద బస్తాలు గుట్టలుగా పడున్నాయి, లోపం రేవుది కాదు రైలుదనే మాట ఇంకా బలమైనది. అయితే కప్పులేని గుట్ట నిల్వ కాదు, గాలివానకు మొదట చిక్కేది అదే. పైగా తాడిపత్రిలోనో గుత్తిలోనో రైలు దిగిన బస్తా ఎద్దుబండి ఎక్కాలి. గడ్డి లేక ఎద్దులు కూలుతున్న ఏడాది అది. అన్ని మెట్లూ అరకొరగా ఉన్న దారిలో మొదటి మెట్టు నాలుగు రోజులు ఆగితే, చివరి మెట్టున ఉన్నవాడికి ఆ నాలుగు రోజులు చాలా ఎక్కువ. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు మనుషులు తగ్గారు. ఆ పాపమంతా గాలివానది కాదు, దొరతనపు పిసినారితనం వాటా పెద్దది.

మద్రాసులో 1876లో మొదలైన రేవు గోడలను 1881 నవంబరు తుఫాను బద్దలుకొట్టింది. మళ్లీ నిలబెట్టడానికి పదేళ్లకు పైగా పట్టింది. నంద్యాలకు రైలు ఆ కరువు దాటాకే వచ్చింది. బనగానపల్లె మీదుగా నంద్యాల, ఎర్రగుంట్ల లైను పూర్తయ్యేసరికి 2016.