సూసయప్పర్: కరిసల్ నేల మీద పెంచిన తండ్రి

యేసును పెంచిన తండ్రి, మరియమ్మ భర్త అయిన నజరేతు వడ్రంగి యోసేపుకు తమిళ కథోలికుల వాడుకలో ఉన్న పేరు సూసయప్పర్. వళనార్ అని కూడా అంటారు. తెలుగు కథోలికులకు ఆయన పునీత జోజప్ప. తమిళనాడు దక్షిణాన తూత్తుకుడి జిల్లా కోవిల్‌పట్టిలో ఆయన పేర గుడి ఉంది. ఆ ఊరు పాళయంకోట్టై మేత్రాసనంలోకి, ఉత్తరాన ఉన్న విరుదునగర్ మదురై అగ్రపీఠంలోకి వస్తాయి. రెండు ఊళ్ల మధ్య ఉన్నదంతా నల్లరేగడే. అక్కడివాళ్లు కరిసల్ నేల అంటారు. వానను నమ్ముకుని పత్తి, జొన్న, మినుము పండించే సీమ ఇది. విజయనగర కాలం నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు నేటికీ ఇక్కడ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ కూడా అలాంటి ఇంటివారే.

సూసై అనేది పోర్చుగీసు వారి జోసే తమిళుల నోట మారిన రూపం. దానికి చేరిన అప్పర్ అంటే తండ్రి. కన్నవాడు కాదని శ్రీసభ చెబుతున్న మనిషిని పిలిచిన ప్రతిసారీ జనం తండ్రీ అనే పిలుస్తున్నారు. తెలుగువారి జోజప్పలోనూ చెవికి వినిపించేది అప్ప అన్న మాటే. ఈ ప్రాంతంలో ఆయన తండ్రులకు ఆదర్శంగా ఎలా నిలిచాడో తెలియాలంటే ఈ పిలుపు దగ్గరే మొదలుపెట్టాలి.

సువార్తల్లో యోసేపు నోట ఒక్క మాట కూడా లేదు. కలలో దేవదూత చెబుతాడు, ఆయన లేచి ఆ పని చేస్తాడు. గర్భవతి అయిన మరియమ్మను ఇంటికి తెచ్చుకుంటాడు, హేరోదు చంపబోతున్నాడని తెలిసి రాత్రికి రాత్రే తల్లీబిడ్డలను ఈజిప్టుకు తీసుకుపోతాడు, పన్నెండేళ్ల కొడుకు యెరూషలేములో తప్పిపోతే మరియమ్మతో కలిసి మూడు రోజులు వెతుకుతాడు. బిడ్డకు యేసు అని పేరు పెట్టే పనిని మత్తయి సువార్తలో దూత యోసేపుకే అప్పగిస్తాడు. యూదుల ఆచారంలో పేరు పెట్టి బిడ్డను తనవాడని ఒప్పుకున్నవాడే చట్టం ముందు తండ్రి. గుడిలో కొడుకు దొరికినప్పుడు మరియమ్మ కూడా యోసేపును నీ తండ్రి అనే అంటుంది.

అయినా చాలా శతాబ్దాలు యూరప్ ఆయన్ను పక్కనే పెట్టింది. మరియమ్మ కన్యాత్వం మీద అనుమానం రాకూడదని చిత్రకారులు ఆయన్ను నెరిసిన గడ్డంతో, ఒక మూల కునికిపాట్లు పడే ముసలివాడిగా గీశారు. 15వ శతాబ్దంలో పారిస్ పండితుడు జాన్ జెర్సోన్ దీన్ని కాదన్నాడు. ఎడారి దాటించి భార్యాబిడ్డలను పోషించినవాడు వయసులో, ఒంట్లో బలమున్నవాడై ఉండాలి కదా అన్నది ఆయన వాదం. అవిలా తెరెసమ్మ 1562లో తాను స్థాపించిన మొదటి మఠానికి యోసేపు పేరే పెట్టింది. 1621లో 15వ గ్రెగొరీ పోపు మార్చి 19న వచ్చే యోసేపు పండుగను అందరూ తప్పనిసరిగా పాటించాలన్నాడు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఇప్పటికీ తండ్రుల దినం ఆ రోజే.

కరిసల్ నేలకు ఈ భక్తిని తెచ్చింది మదురై మిషన్ జెసూయిట్లు. 1606లో రొబెర్తో దె నొబిలి మదురైలో మొదలుపెట్టిన ఆ మిషన్‌కు కోవిల్‌పట్టి దగ్గరి కామనాయకన్‌పట్టి పాత కేంద్రాల్లో ఒకటి. ఊరి పేరులోనే నాయకుడు ఉన్నాడు. ఆ చుట్టుపక్కల నేలను ఏలిన ఎట్టయపురం పాలెగాళ్లు తెలుగు మూలాలున్న రాజకంబళ నాయకులు. అక్కడి పరలోక మాత గుడి తేరు పండుగ ఆగస్టు 15న జరుగుతుంది. 1693లో ఓరియూరులో హతసాక్షి అయిన జాన్ దె బ్రిట్టో ఇక్కడ పనిచేశాడు. ఆయన తరువాత ఇటలీ నుంచి వచ్చిన కాన్‌స్టాంటైన్ జోసెఫ్ బెస్కి కూడా ఇక్కడ గురువుగా ఉన్నాడు.

తమిళులు వీరమామునివర్ అని పిలుచుకునే బెస్కి 1680లో పుట్టి 1710లో గోవాలో దిగాడు. 1747లో ఈ దేశంలోనే కన్నుమూశాడు. చదురకరాది నిఘంటువు, పరమార్థ గురువు కథ ఆయనవే. రెండోది విన్న తెలుగువారికి మన పరమానందయ్య శిష్యులు గుర్తుకు రాక మానరు. అయితే ఆయన జీవితకాలపు కృషి తేంబావణి. 36 పడలాలు (సర్గలు), 3,615 పద్యాల ఈ మహాకావ్యం 1726 నాటికి పూర్తయింది. దాని నాయకుడు యేసు కాదు, యోసేపు. యోసేపు అన్న హీబ్రూ పేరులో వృద్ధి అన్న అర్థం ఉందని, బెస్కి సమృద్ధి అనే అర్థమిచ్చే వళన్ అన్న తమిళ మాటను ఆయనకు పేరుగా పెట్టాడు.

స్పెయిన్ సన్యాసిని అగ్రెదా మరియమ్మ రాసిన గ్రంథం నుంచి బెస్కి కథ తీసుకున్నాడు. చెప్పిన తీరు మాత్రం తమిళ మహాకావ్యాలది. దేశవర్ణన, నగరవర్ణన ముందు వస్తాయి. యూదయ దేశంలో మేఘాలు కురుస్తాయి, ఏరులు పారుతాయి, వరిపొలాలు పచ్చగా ఊగుతాయి. వాన కోసం ఆకాశం వైపు చూసే కరిసల్ రైతుకు ఆ వర్ణన ఎంత తీయగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. ఆ తరువాత వళన్ పెళ్లి, భార్య విషయంలో పడ్డ సందేహం, అది తీరడం, ఈజిప్టు ప్రవాసం, తిరుగు ప్రయాణం, చివరికి జబ్బు, మరణం. సువార్తలు నాలుగు వాక్యాల్లో దాటేసిన వేదనను ఇక్కడ పడలాలకు పడలాలు చదువుతాం. మాట్లాడని మనిషికి మనసు ఇచ్చిన కావ్యం ఇది. మంచం పట్టిన తండ్రికి కొడుకు సేవ చేసే ఘట్టం, నా దృష్టిలో, దీనికి గుండెకాయ. పెంచినవాడి ఋణాన్ని దేవుడి కొడుకే తీరుస్తున్నాడు. యేసు, మరియమ్మ దగ్గరుండగా కన్నుమూశాడన్న నమ్మకం వల్లనే కథోలికులు మంచి మరణం కోసం సూసయప్పర్‌ను వేడుకుంటారు. కావ్యం ఆయన మరణంతో ఆగదు. పరలోకంలో ఆయనకు కిరీటం పెట్టాకే ముగుస్తుంది.

ఈ కావ్యం వచ్చిన ఒకటిన్నర శతాబ్దానికి, 1870 డిసెంబరు 8న, 9వ పయస్ పోపు యోసేపును విశ్వ శ్రీసభకు పాలకుడిగా ప్రకటించాడు. దానికి 150 ఏళ్లు నిండిన రోజున, 2020లో, ఫ్రాన్సిస్ పోపు యోసేపు పితృత్వం మీద ఒక లేఖ వెలువరించాడు. దాని లాటిన్ పేరుకు అర్థం తండ్రి హృదయంతో అని. బిడ్డను కన్నంత మాత్రాన తండ్రి కారని, బాధ్యత తలకెత్తుకున్నప్పుడే అవుతారని అందులో ఉంది.

ఈ మాట విరుదునగర్ జిల్లాకు కొత్తది కాదు. జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరులో, తులసివనంలో దొరికిన పాపను పెంచి పెద్దచేసిన విష్ణుచిత్తుడు ఉన్నాడు. తమిళులకు ఆయన పెరియాళ్వార్. ఆ పాపే గోదాదేవి. తెలుగువారికి ఈ తండ్రీకూతుళ్లను శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చూపించాడు. ఆ కావ్యానికి విష్ణుచిత్తీయం అన్న పేరు కూడా ఉంది, అంటే పెంచిన తండ్రి పేరు. మతాలు వేరు, కాలాలు వేరు. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని అనలేం. కానీ దొరికిన బిడ్డకు తండ్రి కావడం తక్కువ తండ్రితనం కాదని ఈ నేల మనుషులకు సూసయప్పర్ రాకముందే తెలుసు. నందుడి ఇంట పెరిగిన కృష్ణుడి పాటలు పెరియాళ్వార్ పాడింది కూడా ఇక్కడే.

20వ శతాబ్దంలో వడ్రంగి యోసేపు శ్రామికుల పునీతుడయ్యాడు. 1955లో 12వ పయస్ పోపు మే 1ని శ్రామిక యోసేపు పండుగగా ప్రకటించాడు. అగ్గిపెట్టెల తయారీకి పేరుపడ్డ కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి ప్రాంతంలో ఆ పండుగకు బరువు ఎక్కువ. మత్తయి సువార్త యేసును వడ్రంగి కొడుకు అంటే, మార్కు సువార్త వడ్రంగి అనే అంటుంది. తండ్రి చేతిపని కొడుక్కి వచ్చిందన్నమాట. కానీ వానలు తప్పిన కరిసల్ ఊళ్లలో దశాబ్దాల పాటు పిల్లలు చదువు మాని అగ్గిపుల్లలు చట్రాల్లో పేర్చారు, పెట్టెలు అతికించారు. 1986 బాలకార్మిక చట్టం వచ్చాక కూడా అది ఒక్కరోజులో ఆగలేదు. తండ్రి పక్కన కూర్చుని పని నేర్చుకోవడం ఒకటి, తండ్రి అప్పు తీర్చడానికి చిన్న వేళ్లు అరగడం మరొకటి. యోసేపును ఆదర్శంగా చూపేవారు ఈ తేడాను ప్రతిసారీ గట్టిగా చెప్పాలి.

తెలుగు నేల మీద ఈ భక్తి వేరే దారుల్లో వచ్చింది. అన్నెసీ యోసేపు సభ కన్యకలు 1849లో, ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న అన్నెసీ నుంచి వచ్చి యానాం, విశాఖపట్నం వైపు పని మొదలుపెట్టారు. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో 1870లలో కట్టిన పెద్ద గుడి ఆయన పేరిటే ఉంది. పిల్లలకు పెట్టిన పేర్లలో ఆయన ఇంకా దగ్గరగా కనిపిస్తాడు. కోస్తా కథోలిక ఊళ్లలో జోజి, జోజిబాబు, జోజమ్మ, కరిసల్ ఊళ్లలో సూసై, వళన్, వళనరసు. ఈ చివరి రెండింటిలో ఉన్నది బెస్కి తన కావ్యనాయకుడికి పెట్టిన పేరే.