ప్లాంచెట్

ఫ్రెంచిలో ‘ప్లాంష్’ అంటే చెక్కపలక, ‘ప్లాంషెత్’ అంటే చిన్నపలక. ఆత్మల ఊసే లేదు. 19వ శతాబ్దం మధ్యలో ఆ పలకకు రెండు చక్రాలు తగిలించి, మూడో కాలుగా పెన్సిల్ గుచ్చారు. పైన వేళ్లు ఆనిస్తే కదిలి రాసేది; ఆ రాతను ఆత్మల జవాబు అనుకునేవారు. ఇంగ్లీషు మీదుగా మనకు ‘ప్లాంచెట్’ అయింది.

బెంగాల్లో ఈ మాటకు బరువెక్కువ. రవీంద్రనాథ్ ఠాగూర్ చిన్నకొడుకు శమీంద్రనాథ్ 1907లో కలరాతో పోయాడు. ఇరవైరెండేళ్ల తర్వాత, 1929 చివర్లో, అరవై ఎనిమిదేళ్ల కవి ఉమాదేవి అనే యువతిని మాధ్యమంగా కూర్చోబెట్టారు. ఆయన అడగడం, ఆమె పెన్సిల్‌తో జవాబు రాయడం. పిలిచిన ఆత్మల్లో కొడుకు శమీ కూడా ఉన్నాడు. చక్రాల పలక లేకున్నా దాన్నీ ప్లాంచెట్ అనే అన్నారు. పనిముట్టు పేరు పనికే అంటుకుపోయింది.

ఆత్మలు కదిలిస్తాయనుకున్న బల్లలను తోస్తున్నది కూర్చున్నవారి చేతులేనని, అదీ వాళ్లకు తెలియకుండానే అని, ఫారడే 1853లోనే ప్రయోగం చేసి చూపాడు. ఆ రుజువు సాటి భౌతికశాస్త్రవేత్త ఆలివర్ లాడ్జ్‌నే ఆపలేదు. 1915లో కొడుకు రేమండ్ యుద్ధంలో చనిపోయాక ఆయన మాధ్యమాల చుట్టూ తిరిగి, మరుసటేడు పుస్తకమే వేశాడు. తండ్రికి రుజువెందుకు?

తెలుగులో ప్లాంచెట్ అన్న మాట హాస్టల్ గదుల్లోకి దిగింది: బోర్లించిన గ్లాసు, అక్షరాల అట్ట, పరీక్ష పాసవుతామా అన్న ప్రశ్న.