ప్లగ్గు చెప్పిన సాక్ష్యం

1929 సెప్టెంబరు 6 రాత్రి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని కాల్షాట్‌లో, మర్నాటి ష్నైడర్ ట్రోఫీ పందానికి సూపర్‌మెరీన్ ఎస్‌.6 సీప్లేన్‌ను సిద్ధం చేస్తున్నారు. దానిది రోల్స్‌రాయిస్ ‘ఆర్‌’ ఇంజను. 12 సిలిండర్లు, ఒక్కోదానికి రెండేసి చొప్పున 24 స్పార్క్ ప్లగ్గులు. ప్లగ్గులు మారుస్తుంటే ఒకదాని మొన మీద చిన్న లోహపు మరక కనిపించింది. ప్లగ్గులో ఆ లోహం ఉండదు. అది పిస్టన్ నుంచి రాలి అంటుకున్నది. అంటే లోపల పిస్టన్ పట్టేయడం మొదలైందన్నమాట.

ఇంజను మొత్తం మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవు, భాగాలు మార్చుకోవచ్చు. పందెం చూద్దామని డెర్బీ నుంచి వచ్చిన రోల్స్‌రాయిస్ కార్మికులు సౌతాంప్టన్ హోటళ్లలో నిద్రపోతున్నారు. వాళ్లను లేపి తీసుకొచ్చారు. తెల్లవారేలోగా సిలిండర్ బ్లాకు మార్చేశారు. మర్నాడు పైలట్ వాగ్‌హార్న్ ఆ విమానాన్నే గంటకు 528 కిలోమీటర్ల వేగంతో నడిపి గెలిచాడు. విప్పిన ప్లగ్గును చూడకుండా పక్కన పడేసి ఉంటే ఆ గెలుపు లేదు.

ఆ ఇంజనుకు అప్పట్లోనే 1,900 హార్స్‌పవర్ రావడానికి కారణం సూపర్‌చార్జర్. ఈనాటి కార్లలో టర్బో చేసే పనీ అదే: సిలిండర్లోకి గాలిని ఒత్తి నింపడం. గాలి పెరిగితే ఇంధనం పెరుగుతుంది, పీడనం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. ఆ మంట మధ్యలో మొన చాచి నిలబడేది ప్లగ్గు.

మామూలు ప్లగ్గులు పందాల వేడికి నిలవక విసిగిపోయినవాడు కెనెల్మ్ లీ గిన్నెస్. బీరుకు పేరుపడ్డ గిన్నెస్ కుటుంబీకుడు, రేసు డ్రైవరు. లండన్ శివారు పట్నీ వేల్‌లో తానే కేఎల్‌జీ ప్లగ్గులు చేయించడం మొదలుపెట్టాడు. వాటిలో విద్యుత్తు పక్కదారి పట్టకుండా ఆపేది అభ్రకం, మన వాళ్లు కాకిబంగారం అనేది. ఆ రోజుల్లో ప్రపంచానికి పలకల అభ్రకం ఎక్కువగా వెళ్లింది భారతదేశం నుంచే. ఇప్పటి జార్ఖండ్‌లోని కోడెర్మాతో పాటు అప్పటి మన నెల్లూరు జిల్లా గూడూరు, రాపూరు గనులూ అందులో ఉన్నాయి. తర్వాత పెట్రోలులో కలిపిన సీసం అభ్రకాన్ని దెబ్బతీయసాగింది. దాని స్థానంలో అల్యూమినా పింగాణీ వచ్చింది. ఇప్పటికీ అదే.

ప్లగ్గుల్లో ‘హాట్‌’, ‘కోల్డ్‌’ అనే తేడా దగ్గరే చాలామంది పొరబడతారు. నిప్పురవ్వ బలానికీ దీనికీ సంబంధం లేదు. లోపలి పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి సిలిండర్ హెడ్డుకు చేరడానికి ఎక్కువ దూరం పోవాలి, మొన వేడిగానే ఉంటుంది. అది హాట్ ప్లగ్గు. ముక్కు పొట్టిదైతే వేడి త్వరగా దిగిపోతుంది. అది కోల్డ్. మొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటకపోతే మసి కాలిపోదు, ఇంజను మిస్సింగ్ కొడుతుంది. 850 పైకి పోతే నిప్పురవ్వ పడకముందే ఎర్రగా కాలిన మొనే ఇంధనాన్ని అంటిస్తుంది. పిస్టన్లకు చిల్లులు పడేది అప్పుడే. 1930ల గ్రాండ్ ప్రి పందాల్లో మెర్సిడెస్, ఆటో యూనియన్ మెకానిక్కులు ఇంజను వేడెక్కేదాకా హాట్ ప్లగ్గులతో నడిపి, పందానికి ముందు అన్నీ విప్పి కోల్డ్ ప్లగ్గులు బిగించేవాళ్లు. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క ప్లగ్గే ట్రాఫిక్‌లోనూ బతకాలి, పూర్తి బూస్ట్‌లోనూ, అంటే టర్బో గాలిని గట్టిగా ఒత్తుతున్నప్పుడూ, బతకాలి.

1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ సంగతే చూడండి. 2.6 లీటర్ల ఇంజను, రెండు టర్బోలు. కంపెనీ ఇచ్చింది ఎన్‌జీకే 6వ నంబరు ప్లగ్గు, నిప్పురవ్వ దూకే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. బూస్ట్ పెంచేవాళ్లు ఇంకా కోల్డ్ అయిన 7కు, ఇంకా పెంచితే 8కి వెళతారు. 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు కోల్డ్‌కు దిగమని ఎన్‌జీకే చెప్పే లెక్క. గ్యాప్ కూడా 0.8కో అంతకంటే తక్కువకో తగ్గించాలి. పీడనం పెరిగేకొద్దీ అదే గ్యాప్ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలని భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లోనే తేల్చాడు. ఇగ్నిషన్ కాయిల్ అంత వోల్టేజి ఇవ్వలేకపోతే సరిగ్గా పూర్తి బూస్ట్‌లోనే కారు తడబడుతుంది. కొత్త కాయిల్‌కు వేలు ఖర్చుపెట్టే ముందు ఫీలర్ గేజి పెట్టి గ్యాప్ చూడండి.

ఇరిడియమా, ప్లాటినమా అన్న చర్చకు నేను అంత విలువ ఇవ్వను. ఇరిడియం 2,400 డిగ్రీలు దాటాకగానీ కరగదు, మొన సన్నగా చేయొచ్చు, ఎక్కువ కాలం నిలుస్తుంది. మంచిదే. కానీ హీట్ రేంజి, అంటే హాట్-కోల్డ్ మెట్టు, తప్పితే ఏ లోహమూ ఇంజనును కాపాడదు.

నంబర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే కోల్డ్. బాష్, ఛాంపియన్‌లలో పెరిగితే హాట్. ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీ ప్లగ్గు కొంటే పూర్తిగా తారుమారవుతుంది. మీ కారు ట్యూన్ చేసినవాళ్లను ఏ ప్లగ్గుతో, ఎంత గ్యాప్‌తో చేశారో అడిగి రాసి పెట్టుకోండి. మార్చేటప్పుడు అదే ప్లగ్గు, అదే గ్యాప్ వేయించండి.